ట్యాబ్ చదవలేని ఒడియా పాఠం

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. మా అమ్మాయి ఒడియా మాధ్యమంలో ఏడో తరగతి చదువుతోంది. ఆమెకు రెటినైటిస్ పిగ్మెంటోసా ఉందని రెండేళ్ల క్రితం డాక్టర్లు చెప్పారు. పొద్దు వాలితే దారి కనబడదు. పగటిపూట పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని మెల్లగా చదువుతుంది. పరీక్ష చేసినప్పుడు బోర్డు మీది అక్షరాలు చాలావరకు చదివింది కాబట్టి వైకల్య ధ్రువపత్రం రాదని ఒకరు అన్నారు. పాఠాలు చదివి వినిపిస్తుందని మా తమ్ముడు ట్యాబ్ కొనిచ్చాడు. అది ఇంగ్లీషు, తెలుగు బాగానే చదువుతోంది గానీ ఒడియా పుస్తకం పీడీఎఫ్ తెరిస్తే అర్థంలేని శబ్దాలు చేస్తోంది. ఇప్పుడు అన్నీ ఫోన్లోనే వస్తున్నాయి, బ్రెయిలీ నేర్పక్కర్లేదని బడిలో మాస్టారు అంటున్నారు. విశాఖపట్నంలో ప్రత్యేక పాఠశాలలో వేసి తెలుగులో చదివించమని తమ్ముడి సలహా. నేను ఇంటి దగ్గర బట్టలు కుడుతుంటాను. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, గుణుపురం

సమాధానం:

అమ్మా, ముందుగా ఆ ట్యాబ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో అందరి ఆశలూ దాని మీదే పెట్టుకున్నట్టున్నారు, అది ఒడియా చదవకపోయేసరికి ఇక పాపకు చదువు సాగదేమో అన్న భయం కూడా దాని వల్లే పట్టుకున్నట్టుంది. ట్యాబ్ చెడిపోలేదు. లోపం ఆ పీడీఎఫ్‌ను తయారు చేసిన తీరులో ఉండి ఉంటుంది. తెలుగు ప్రచురణల్లో అను ఫాంట్లు ఎలాగో, ఒడియా ప్రచురణల్లో ఆకృతి వంటి పాత ఫాంట్లు అలాగే చాలాకాలం నడిచాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరం ఉండవలసిన స్థానంలో ఒడియా అక్షరం బొమ్మను కూర్చోబెడతారు. మన కంటికి అది ఒడియాగానే కనిపిస్తుంది గానీ, యంత్రానికి మాత్రం లోపల ఉన్న ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే తెలుస్తాయి, వాటినే అది చదువుతుంది. ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్‌లో ఉమ్మడి సంకేతాలు ఇచ్చే యూనికోడ్ అనే పద్ధతిలో ఒడియాకూ తెలుగుకూ 1991లోనే వేరువేరు స్థానాలు కేటాయించారు కాబట్టి, ఆ పద్ధతిలో టైపు చేసిన పాఠాన్ని యంత్రం ఏ భాషదో ఆ భాషగానే గుర్తిస్తుంది.

మీ పుస్తకం ఎలాంటిదో మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. పీడీఎఫ్‌లో ఒక వాక్యం మీద వేలు నొక్కిపట్టి కాపీ చేసి, వాట్సాప్‌లో మీ తమ్ముడికి పంపే చోట అతికించి చూడండి. ఒడియా అక్షరాలే కనిపిస్తే పాఠం యూనికోడ్‌లో ఉన్నట్టు. అప్పుడు కావలసింది ఒడియా చదివే గొంతు మాత్రమే. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు కలగాపులగంగా వస్తే అది పాత ఫాంటు. అసలు వాక్యం ఎంపికే కాకపోతే ఆ పేజీ ఫొటో తీసి పెట్టినదన్నమాట. చివరి రెండు సందర్భాల్లోనూ, ఎవరి దగ్గరైనా కంప్యూటర్ ఉంటే, ఆ పేజీలను బొమ్మలుగా గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, బొమ్మలోని ఒడియా అక్షరాలను గుర్తించి యూనికోడ్ పాఠంగా మార్చి ఇస్తుంది. తప్పులు దొర్లుతాయి, ముఖ్యంగా ఒత్తుల దగ్గర. అందుకని ఒడియా బాగా వచ్చిన ఒకరు, పాప తరగతిలోని స్నేహితురాలైనా సరే, ఒకసారి సరిచూడాలి. ఇక గొంతు విషయానికి వస్తే, ట్యాబ్ సెట్టింగ్స్‌లో పాఠాన్ని మాటగా మార్చే విభాగంలో భాషల జాబితా ఉంటుంది. అందులో ఒడియా కనిపించకపోతే ఈస్పీక్ ఎన్‌జీ అనే ఉచిత యాప్ వేసుకోండి, దానిలో ఒడియా, తెలుగు రెండూ ఉన్నాయి. ఆ గొంతు మరమనిషి మాట్లాడినట్టు ఉంటుంది, మొదటి వారం పాప చిరాకుపడి తీసి పారెయ్యమంటుంది. చెవి అలవాటు పడేదాకా ఓపిక పట్టించండి.

ఈ పనంతా మీ నెత్తిన వేసుకోవలసినది కాదని కూడా చెప్పాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 17వ సెక్షన్, నలభై శాతం అంతకు మించిన వైకల్యం ఉన్న విద్యార్థులకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పుస్తకాలు, బోధన సామగ్రి, సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలని ప్రభుత్వాన్నీ స్థానిక సంస్థలనూ నిర్దేశించింది. పుస్తకం అంటే ఆమె చదవగలిగిన రూపంలో ఉన్న పుస్తకమే అవుతుంది గదా. కాపీరైటు అడ్డువస్తుందని ఎవరైనా అంటే, 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, అచ్చు చదవలేనివారి కోసం పుస్తకాన్ని అందుబాటు రూపంలోకి మార్చడానికి అనుమతి అక్కర్లేదని స్పష్టం చేశారని చెప్పండి. అందువల్ల ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసినప్పుడు పరికరం కావాలని అడగకండి, పరికరం మీ దగ్గర ఉంది. ఈ సంవత్సరం పాఠాలు యూనికోడ్‌లో కావాలని కాగితం మీద రాసి అడగండి, ఆ కాగితం నకలు మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి.

ఇలా గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను సర్వీసులో ఉన్న రోజుల్లో గజపతి జిల్లాలో ఒక బడికి చూపు లేని ఒక పిల్లవాడి కోసం పాఠాలు వినిపించే చిన్న యంత్రం వచ్చింది. పోతుందేమోనని దాన్ని ఆఫీసు గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. రిజిస్టరులో అందజేసినట్టు రాశారు. రెండేళ్ల తర్వాత నేను తీయించి చూస్తే, ఆ పిల్లవాడి తరగతి పాఠం ఒక్కటి కూడా అందులో ఎక్కించి లేదు. బీరువాలోంచి ముందే తీసి ఇచ్చి ఉన్నా ఆ పిల్లవాడికి ఒరిగేది ఏమీ లేకపోయింది.

ధ్రువపత్రం రాదన్న మాట తప్పు. అక్షరాల బోర్డు ఎంత దూరం చూడగలరో చెబుతుంది గానీ ఎంత వెడల్పు చూడగలరో చెప్పదు, మీ అమ్మాయికి ఉన్న జబ్బులో మొదట కుంచించుకుపోయేది ఆ వెడల్పే. వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూలులోనే, దృష్టి క్షేత్రం 40 డిగ్రీల కన్నా తగ్గి 10 డిగ్రీల దాకా ఉంటే అల్పదృష్టి అనీ, 10 డిగ్రీల కన్నా తక్కువైతే అంధత్వం అనీ నిర్వచించారు, బోర్డు ఎంత బాగా చదివినా ఈ లెక్క మారదు. కాబట్టి దృష్టి క్షేత్ర పరీక్ష చేయించండి. పెరిమెట్రీ అని అడిగితే వారికి తెలుస్తుంది. రాయగడలోనే ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన కంటి ఆసుపత్రి ఉంది, ముందు అక్కడ చూపించండి. ఇంకా పెద్ద చోటికి పంపవలసి వస్తే ఆ సంస్థకే భువనేశ్వర్‌లోనూ విశాఖపట్నంలోనూ ఆసుపత్రులు ఉన్నాయి. ఆ పరీక్ష కాగితంతో జిల్లా వైద్య బోర్డుకు వెళ్లి యూడీఐడీ కార్డుకు, అంటే దేశమంతటా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డుకు, దరఖాస్తు చేయండి. పార్వతీపురంలోనో పాలకొండలోనో ఉన్న బంధువులు సదరం సర్టిఫికెట్ తీసుకోమంటారు, అది ఆంధ్ర ప్రభుత్వ పద్ధతి, మీకు వర్తించదు. ఒడిశాలో భీమ భోయి పేరు మీద దివ్యాంగుల కోసం శిబిరాలు పెడుతుంటారు. పుట్టుకతోనే చూపులేనివాడని చెప్పుకునే ఆ కవి పేరు ఆ శిబిరాలకు తగినదే. అక్కడ పరీక్ష, పత్రం, పరికరాల దరఖాస్తు ఒకే చోట అవుతాయి గనుక, బ్లాక్ ఆఫీసులో తేదీ కనుక్కుంటే మీకు తిరుగుడు తప్పుతుంది. ఈ జబ్బు చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది కాబట్టి, పాపకు తోడబుట్టినవాళ్లుంటే వాళ్ల కళ్లూ చూపించండి. మీది మేనరికమైతే డాక్టరుకు చెప్పండి; అడిగేది నింద వెయ్యడానికి కాదు.

ఇప్పుడు ఉన్న చూపును ఎలా వాడుకోవాలన్న దాని మీద ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. కళ్లు సరిగా కనబడవనగానే అక్షరాలను వీలైనంత పెద్దవి చేస్తారు. మీ అమ్మాయిలా గొట్టంలోంచి చూస్తున్నట్టు చూసేవారికి, అక్షరం మితిమీరి పెద్దదైతే ఆ గొట్టంలో రెండు మూడు అక్షరాలే పడతాయి, మాట పూర్తి కావడానికి తల అటూ ఇటూ తిప్పవలసి వస్తుంది, చదువు ఇంకా మెల్లబడుతుంది. ఆమెకు కావలసినది సైజు కన్నా తేట. ట్యాబ్ తెరను నల్లగా మార్చి అక్షరాలను తెల్లగా పెట్టి చూడండి, ఆ తర్వాత సైజును కొద్దికొద్దిగా పెంచుతూ ఏ సైజులో వేగంగా చదువుతోందో గడియారం పెట్టి కనిపెట్టండి. నోటుపుస్తకంలో పెన్సిలు మాన్పించి నల్లటి లావు స్కెచ్ పెన్ను ఇవ్వండి. తరగతిలో కిటికీ వైపు వీపు ఉండేలా కూర్చోబెట్టమనండి, ఎదురువెలుతురు ఈ పిల్లలను బాగా ఇబ్బంది పెడుతుంది. నల్లబల్ల మీద రాసే ప్రతి మాటనూ మాస్టారు రాస్తూనే పైకి పలికితే చాలు, దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు; అదే పాఠాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే మాత్రం ఆమె ట్యాబ్‌కు అది ఉత్త బొమ్మ. ఫొటో బదులు గొంతు రికార్డు చేసి పంపమనండి.

ఇక బ్రెయిలీ. ఈ విషయంలో మీ మాస్టారితో నేను ఏకీభవించను, చూపు కొంత మిగిలి ఉన్నప్పుడే ప్రారంభించాలనే చెబుతాను. ఫోన్ పాఠాన్ని వినిపిస్తుంది. విన్నవారికి కథ తెలుస్తుంది, అక్షరక్రమం తెలియదు. ఒడియాలో ఈ తేడా ఎక్కడ బయటపడుతుందో మీరు ఆ ఊళ్లో ఉన్నారు గనుక మీకు ఇట్టే అర్థమవుతుంది: రాతలో శ, ష, స మూడూ ఉంటాయి, పలకడంలో మూడూ ‘స’ లాగే వినిపిస్తాయి, హ్రస్వ దీర్ఘ ఇ, ఈలు రాతలో వేరు, నోట్లో దాదాపు ఒకటే. కేవలం వింటూ పదో తరగతికి వచ్చిన పిల్ల ఏ మాటలో ఏ ‘స’ రాయాలో ఎప్పటికీ తేల్చుకోలేదు. వేలి కింద అక్షరం తగిలితేనే ఆ తేడా నిలుస్తుంది. అందుకని పెద్ద పాఠాలు, కథల పుస్తకాలు, సాంఘికశాస్త్రం వినడానికి పెట్టుకుని, వ్యాకరణం, లెక్కలు, కొత్త మాటలు బ్రెయిలీలో చదివించడం నేను చూసినంతలో మంచి పద్ధతి.

బ్రెయిలీ అంటే మూడు భాషలకు మూడు బ్రెయిలీలు నేర్చుకోవాలేమో అని భయపడుతుండవచ్చు. నిజానికి మనలాంటి సరిహద్దు ఊళ్లవాళ్లకు అది చేసినంత మేలు ఇంకేదీ చేయదు. 1951 నుంచి మన దేశ భాషలకు భారతి బ్రెయిలీ అనే ఉమ్మడి పద్ధతి ఉంది, అందులో ఒకే ధ్వనికి అన్ని భాషల్లోనూ ఒకే చుక్కలు. ‘క’ తీసుకుంటే, ఆరు చుక్కల గడిలో ఎడమ వరుస పై చుక్కా కింది చుక్కా. తెలుగు క అయినా, ఒడియా క అయినా, హిందీ క అయినా అదే, ఇంగ్లీషులో కె అక్షరం కూడా అదే. మ, న, ల, ర కూడా అలాగే ఇంగ్లీషు అక్షరాలతో కలిసిపోతాయి. తెలుగులో ఉన్న హ్రస్వ ఎ, ఒ వంటివి ఒడియాలో లేవు గనుక అలాంటి కొద్దిపాటి తేడాలు ఉంటాయి. మిగిలినదంతా ఒకసారి నేర్చుకుంటే రెండు భాషలకూ పనికివస్తుంది. గుణుపురం బజారులో దుకాణాల బోర్డుల మీద ఒడియా, తెలుగు పక్కపక్కన చూసి, ఒకటి వచ్చి రెండోది రాక ఇబ్బందిపడే మనుషులను మీరు రోజూ చూస్తుంటారు. మీ అమ్మాయి వేలికి ఆ ఇబ్బంది ఉండదు. బ్రెయిలీ పలక మీద స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు గుచ్చుతూ రాస్తారు, కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. మన పెద్దలు తాటాకు మీద గంటంతో రాసిన పనికి ఇది దగ్గరి చుట్టమే.

నేర్పేవారు ఎవరన్నది అసలు చిక్కు. సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద బ్లాక్ స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం రిసోర్సు ఉపాధ్యాయులు ఉంటారు, బ్లాక్ విద్యాధికారి కార్యాలయంలో అడగండి. ఆ పథకంలో ఇలాంటి పిల్లలకు తలకు ఏడాదికి 3,500 రూపాయల దాకా కేటాయింపు, ఆడపిల్లలకు అదనంగా నెలకు 200 చొప్పున పది నెలల భృతి ఉన్నాయి. మొత్తం చిన్నదే, కానీ మీ అమ్మాయి పేరు ఆ జాబితాలో ఉంటేనే ఉపాధ్యాయుడు మీ బడికి రావడానికి ఆధారం ఏర్పడుతుంది. వారానికి రెండు రోజులు వచ్చినా చాలు, మిగిలిన రోజులు పక్కన కూర్చుని సాధన చేయించడానికి మీరే నేర్చుకోండి. అక్షరాలు నేర్చుకోవడానికి కళ్లున్నవారికి నెల పట్టదు. ధ్రువపత్రం చేతికొచ్చాక, 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి, భారతీయ భాషల పుస్తకాలు ట్యాబ్ చదవగలిగిన రూపంలోనే దొరుకుతాయి.

లెక్కల్లో బొమ్మలు, భూగోళంలో పటాలు వచ్చినప్పుడు మీ కుట్టుపని అక్కరకొస్తుంది. దర్జీలు కొలత గీత వేసుకునే పళ్ల చక్రం, ట్రేసింగ్ వీల్ అంటారే, అది మీ దగ్గర ఉండే ఉంటుంది. నాలుగు మడతల దుప్పటి మీద దళసరి కాగితం పరిచి, త్రిభుజాన్నో ఒడిశా పటాన్నో ఆ చక్రంతో గట్టిగా గీస్తే, కాగితం వెనక వైపున చుక్కల గీత ఉబ్బుతుంది, పాప వేలితో తడిమి ఆకారం పట్టుకుంటుంది. ఉబ్బేది వెనక వైపు కాబట్టి పటం కుడి ఎడమలు తారుమారవుతాయి. ముందు పలచటి కాగితం మీద నకలు తీసుకుని, దాన్ని బోర్లించి దాని మీద నుంచి గీయండి, లేకపోతే పూరీ సముద్రతీరం పడమటికి వెళ్లిపోతుంది. వంశధారకు సన్న దారం, నాగావళికి లావు దారం ఫెవికాల్‌తో అతికించవచ్చు. కొనుక్కునే పటాల కన్నా ఇవి బాగుంటాయని నా అభిప్రాయం, ఎందుకంటే రేపటి పాఠానికి కావలసిన పటం ఈ రాత్రికే తయారవుతుంది.

విశాఖపట్నం విషయం చివరికి ఉంచాను. చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పొరుగు బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా, కోరుకున్న చోట ఉచితంగా చదువుకునే హక్కు మీ అమ్మాయిది, కాబట్టి మాస్టారు వద్దన్నా తమ్ముడు పొమ్మన్నా అది నిర్ణయం కాదు. మీ తమ్ముడి ఆలోచనలో ఒక సబబు ఉంది: తల్లిభాషలో చదువు సులువు. పర్లాకిమిడిలో ఉండి సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు చెప్పినదీ అదే. సవర నేర్చుకోవడానికి అడవులు తిరిగి మలేరియా తెచ్చుకుని, మందుల వల్ల వినికిడి పోగొట్టుకుని కూడా ఆయన ఆ పని మానలేదు. అయినా ఏడేళ్లుగా ఒడియాలో చదివిన పిల్లను, చూపు తగ్గుతున్న వేళ, ఇల్లూ భాషా స్నేహితులూ ఒక్కసారిగా మార్చి హాస్టల్లో వేయడం నాకు సమ్మతం కాదు. తెలుగు ఆమెకు ఇంట్లో ఉంది, ఒడియా పోగొట్టుకుంటే రేపు ఈ రాష్ట్రంలో ఉద్యోగానికి, ఆఫీసు పనికి తిరిగి తెచ్చుకోవడం కష్టం. వేసవి సెలవుల్లో విశాఖలో బ్రెయిలీ, తెల్ల కర్రతో నడక నేర్పే చోటు చూసుకుని నెలరోజులు ఉంచండి, గుణుపురం నుంచి రైలు ఉండనే ఉంది. ఎనిమిదో తరగతి ముగిసేనాటికి కూడా బడి ఒక్క పాఠమైనా ఆమెకు అందే రూపంలో ఇవ్వకపోతే, అప్పుడు మీ తమ్ముడి మాట వినండి, నేనూ వద్దనను.

పరీక్షల గురించి ఇప్పుడే ఆందోళన వద్దు గానీ ఒకటి తెలుసుకోండి. లేఖకుణ్ణి పెట్టుకునే వీలు, అదనపు సమయం, రెండో మూడో భాష నుంచి మినహాయింపు చట్టంలోనే పేర్కొన్నారు. అదనపు సమయం గంటకు ఇరవై నిమిషాలకు తగ్గరాదని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. మూడో భాష బరువైతే మినహాయింపు అడగండి, ఇంగ్లీషు మాత్రం వదిలించకండి. లేఖకుడికి చెప్పి రాయించడం కూడా నేర్చుకోవలసిన విద్యే, కామా ఎక్కడ, పేరా ఎక్కడ అని చెబుతూ రాయించాలి. వారానికి ఒక జవాబు మీ చేత రాయిస్తే తొమ్మిదో తరగతికి అలవాటవుతుంది. మీకు ఒడియా రాత రాదంటే ఇంకా మంచిది, ప్రతి అక్షరం ఆమే మీకు చెప్పి రాయించవలసి వస్తుంది.

రాయగడ ఆసుపత్రికి వెళ్లే రోజు ట్యాబ్ కూడా వెంట తీసుకెళ్లండి. తెర మీద ఏ సైజు, ఏ రంగు ఆమె కంటికి కుదురుతుందో అక్కడే పరీక్షించమని అడగండి, కళ్లద్దాల చీటీతో పాటు ఆ వివరం కూడా రాసి ఇవ్వమనండి. ఆ చీటీ నకలు బడిలో ఇవ్వడానికి పనికివస్తుంది.